గ్రాంటు మాది, లెక్కలు మీవి

మన కాలేజీలకు రీసెర్చ్ గ్రాంటు వచ్చిందంటే ముందుగా పని దొరికేది ఫ్లెక్సీ ప్రింటరుకు. పొద్దున ఢిల్లీ నుంచి శాంక్షన్ ఆర్డరు మెయిల్లో దిగితే సాయంత్రానికి గేటు ముందు బ్యానరు లేస్తుంది. అందులో చైర్మన్‌గారు నిలువెత్తున, కరస్పాండెంటుగారు నడుము దాకా, ప్రిన్సిపాల్‌గారు మెడ దాకా వెలిగిపోతుంటారు. ప్రాజెక్టు రాసి, తిప్పి రాసి, నిపుణుల కమిటీ ముందు నిలబడి గ్రాంటు తెచ్చిన మేడమ్ పాస్‌పోర్టు సైజులో ఓ మూలన, తాడు ముడి కింద ఉంటుంది. లెక్క చెప్పాల్సిన రోజున మాత్రం బ్యానరులోని పెద్దలంతా మాయమై ఆవిడ ఒక్కతే మిగులుతుంది.

ఆర్ అండ్ డీ సెల్ లేదా అంటారా? ఎందుకు లేదు! ఉన్నత విద్యాసంస్థల్లో అలాంటిది పెట్టాలని 2022లో యూజీసీ మార్గదర్శకాలిచ్చింది. నాక్ బృందం కాలు పెట్టేలోపే మనవాళ్ళు పెట్టేశారు. గది ఉంది, ఇత్తడి బోర్డుంది, డీన్ ఉన్నారు. డీన్‌గారికి క్లాసులున్నాయి, పరీక్షల డ్యూటీ ఉంది, వేసవిలో అడ్మిషన్ల టార్గెట్టూ ఉంది. లేనిదల్లా గ్రాంటు లెక్కలు తెలిసిన మనిషి. ఆ పని ఫీజు కౌంటర్లో రసీదులు కొట్టే గుమాస్తాగారికి అదనపు బాధ్యతగా అంటగట్టారు. పాపం, ఆయనకు తెలిసిన పద్దులు రెండే: ట్యూషన్ ఫీజు, బస్సు ఫీజు. కన్స్యూమబుల్స్‌లో కొన్నదాన్ని కంటింజెన్సీలో ఎందుకు చూపకూడదో ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ళకూ తెలియదు.

కొనుగోళ్ళ ముచ్చట చూడండి. మైనస్ ఇరవై డిగ్రీల్లో ఉంచాల్సిన ఎంజైమ్ ఒకటి కావాలి. మూడు కొటేషన్లు తెమ్మంటారు. హైదరాబాదు డీలరుకు ఒక ఫోను కొడితే చాలు, మూడు లెటర్‌హెడ్ల మీద మూడూ ఆయనే పంపిస్తాడు. మూడింటికీ నూరేసి రూపాయల తేడా. ఎంజైమ్ స్పెల్లింగు మాత్రం మూడింట్లోనూ ఒకేచోట తప్పు. కొనుగోలు కమిటీ పెద్దలు కళ్ళజోళ్ళు సర్దుకుని, కంపారిటివ్ స్టేట్‌మెంట్ మీద వరసగా సంతకాలు పెట్టి, పోటీ హోరాహోరీగా జరిగిందని ధ్రువీకరిస్తారు. తర్వాత ఫైలు సెక్రటరీగారి బల్లెక్కుతుంది. ఆయన ఊళ్ళో ఉండరు. వచ్చాక మంచిరోజు చూసి సంతకం పెడతారు.

సరుకు శనివారం సాయంత్రం దిగుతుంది. స్టాక్ ఎంట్రీ పడందే లాబులోకి పంపకూడదు, స్టోర్సుకు ఆదివారం సెలవు. కనుక ఐసు పెట్టె సోమవారం దాకా వాచ్‌మన్ కుర్చీ కింద కాపురముంటుంది. ఐసు నీళ్ళై, ఆ నీళ్ళు మెట్ల దాకా పారతాయి. ఎంట్రీకి మాత్రం వంక పెట్టలేం: జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ (జీఎఫ్‌ఆర్) 23 నమూనా రిజిస్టరులో, గుండ్రటి అక్షరాలతో, ‘మంచి స్థితిలో అందినది’.

శాస్త్ర పరిశోధన సంస్థల్లో కొటేషన్లు లేకుండా కొనే పరిమితిని కేంద్ర ఆర్థిక శాఖ 2025 జూన్‌లో లక్ష నుంచి 2 లక్షల రూపాయలకు పెంచింది. ఆ గాలి మన గేటు దాకా రాలేదు. ఇక్కడ గ్లవుజుల డబ్బాకు కూడా మూడు కొటేషన్లే.

జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌ను తిట్టడం స్టాఫ్‌రూముల్లో అలవాటు. ఆ 2017 పుస్తకం గ్రాంటు పుచ్చుకున్నవాళ్ళను అడిగేదేమీ గొంతెమ్మ కోరిక కాదు. ఆర్థిక సంవత్సరం ముగిశాక 12 నెలల్లోగా 12-ఏ ఫారంలో వినియోగ ధ్రువపత్రం (యూసీ) ఇవ్వు, వడ్డీ వస్తే కేంద్ర ఖజానాకు కట్టు, కొన్న యంత్రానికి రిజిస్టరు పెట్టు. కిరాణా షావుకారు రాత్రిపూట కొట్టు కట్టేస్తూ రాసుకునే లెక్కే ఇది. మన సంస్థలు దాన్ని కూడా రోజూ రాయవు, మార్చిలో సృష్టిస్తాయి. గ్రాంటు సొమ్మును కాలేజీ ఖాతాలో కలిపేసి, ఏడాది చివర్న గుమాస్తాగారు తలుపు దగ్గర నిలబడి అడుగుతారు: “మేడమ్, వడ్డీ ఎంత రాయమంటారు?” ఈమధ్య చాలా పథకాలకు జీరో బ్యాలెన్స్ ఖాతాలు పెట్టి ఢిల్లీవాళ్ళు ఆ సరదా తీర్చేశారు లెండి.

అలాగని ఢిల్లీ సుద్దపూస కాదు. విడతను ఫిబ్రవరిలో వదిలి మార్చి 31కల్లా ఖర్చు చూపమనే చమత్కారం వాళ్ళదే. 2024లో గ్రాంట్లిచ్చే సెర్బ్ పోయి అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ వచ్చినప్పుడు లెటర్‌హెడ్ మారింది, యూసీ కోసం ఎదురుచూపులు మారలేదు.

యూసీ ఆగితే విడత ఆగుతుంది. విడత ఆగితే జేఆర్‌ఎఫ్ కుర్రాడి ఫెలోషిప్ ఆగుతుంది. 2023 జనవరి నుంచి అది నెలకు 31,000 కాస్తా 37,000 రూపాయలైంది. ఆ వార్త పేపర్లో చదివి ఇంటి ఓనరు అద్దె పెంచేశాడు. కుర్రాడికి పాత బకాయే ఇంకా పడలేదు. అతను అకౌంట్స్‌కి వెళితే మేడమ్‌ని అడగమంటారు, మేడమ్ దగ్గరికి వెళితే ఆవిడ చార్టర్డ్ అకౌంటెంటు ఆఫీసులో ఉంటుంది. అక్కడ పాత వోచర్లు వెతుకుతూ, పన్నెండు రూపాయల తేడా ఎక్కడుందో పట్టుకునే పనిలో ఉంటుంది. ఆ ఏడాది ఆవిడ లాబులో గడిపిన సాయంత్రాల కంటే ఇక్కడ గడిపినవే ఎక్కువ. పైగా ఎన్ని పేపర్లు వేశారని సంవత్సరాంతపు అప్రైజల్లో నిలదీసేది మళ్ళీ ఆ డీన్‌గారే.

ఈ లెక్కలకు మనిషిని పెట్టే డబ్బు లేదేమో అని జాలిపడకండి. చాలా శాంక్షన్ ఆర్డర్లలో ఓవర్‌హెడ్ అని ఒక పద్దుంటుంది. సంస్థ ఇచ్చే వసతికి, పరిపాలనకు అయ్యే ఖర్చుకే దాన్నిస్తారు. విచిత్రంగా ఈ పద్దుకు కొటేషన్లు అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు, సెక్రటరీగారి సంతకం కూడా ఆ పూటే పడిపోతుంది. రిసెప్షన్‌లో మెరిసే గ్రానైటు అందులోదేనని కాలేజీలో అటెండర్లకు సైతం తెలుసు. ఆ సొమ్ములో కొంతతో బీకామ్ చదివిన ఒకరిని పెట్టి, ప్రాజెక్టుకో లెడ్జరు తెరిపించి, చిన్న కొనుగోళ్ళకు అక్కడికక్కడే అనుమతి ఇచ్చే అధికారం ఎవరికైనా అప్పగిస్తే బాగుంటుందని మేడమ్ రాతపూర్వకంగా అడిగింది. ప్రిన్సిపాల్‌గారు కాగితం రెండువైపులా తిప్పి చూసి అన్నారట: “ఆ పోస్టు మనకు లేదమ్మా. వచ్చే గ్రాంటు తెండి, అప్పుడు చూద్దాం. ముందు ఆ యూసీ సంగతేదో చూడండి.”