పీఈటీ మాస్టారి సిలబస్

ఆయన్ని గుర్తుపట్టడానికి పేరుతో పని లేదు. మెడలో ఈల, చంకలో రిజిస్టరు, జేబులో నలుగురు పిల్లల ఆధార్ జెరాక్సులు, ఎప్పుడో జిల్లాకి ఆడినప్పుడు ఇచ్చిన ట్రాక్‌సూట్ పైభాగం. కిందిభాగం ఏనాడో చిరిగిపోయింది. తెల్లవారుజామున అనకాపల్లి ఎన్టీఆర్ స్టేడియంలో ఈ వేషంలో ఎవరైనా కనబడితే ఆయన పీఈటీ మాస్టారే. ఒక్కరని కాదు, దాదాపు హైస్కూలుకొకరు ఉంటారు.

మాస్టారికి ఉపన్యాసమంటే ప్రాణం. పిల్లలు గ్రౌండు చుట్టూ పరిగెత్తి ఆయాసపడుతున్నప్పుడు అందుకుంటారు. అప్పుడైతే ఎవడూ పారిపోలేడు. మొదలు ఎప్పుడూ సిడ్నీయే.

"2000 ఒలింపిక్స్. 69 కేజీల విభాగం. మన ఆమదాలవలస పక్కన ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130. కూడండ్రా!"

"240 సార్!"

"కాంస్యం! ఒలింపిక్ పతకం తెచ్చిన మొట్టమొదటి భారతీయ మహిళ! మరి మీరేటి చేస్తన్నారు?"

ఆకలితో చస్తున్నారు. ఆ మాట మాత్రం ఎవరూ అనరు.

సిడ్నీ నుంచి బ్యాంకాక్ వెళ్తారు. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి, 2023 ఆసియా అథ్లెటిక్స్, వంద మీటర్ల హర్డిల్స్‌లో స్వర్ణం. "వంద మీటర్లలో పది అడ్డంకులు! జీవితమూ అంతే!" అంటారు. జీవితంలో అవి ఎనిమిదిన్నర మీటర్లకొకటి చొప్పున కొలిచి పెట్టరు కదా అని వెనకవరసలో ఎవడో గొణుగుతాడు. వాడికి ఇంకో రౌండు.

ఈ ఉపన్యాసాలు విని బాగుపడినవాడు ఇంతవరకూ కనబడలేదు. పిల్లలు బాగుపడుతున్న మాట మాత్రం నిజం. అదంతా మాస్టారికి చేతకాని పనుల పుణ్యం.

ఆన్‌లైన్ ఎంట్రీలు ఆయనకి చేతకావు. పాస్‌వర్డ్ రిజిస్టరు అట్ట మీద పెద్దక్షరాలతో రాసి తొమ్మిదో తరగతి గుంటడి చేతికిస్తారు. వాడు అండర్-14లో ఎవరుంటారో, అండర్-17లో ఎవరుంటారో, ఎవరి పుట్టినతేదీ స్కూల్లో ఒకటీ ఆధార్‌లో ఒకటీ ఉందో తేల్చుకుంటాడు. గడువు దాటకముందే ఇంటింటికీ తిరిగి వాళ్ళ అమ్మానాన్నల చేత సరిచేయిస్తాడు.

చందా అడగడం ఆయనకి మొహమాటం. బెల్లం మార్కెట్‌కి పిల్లల్ని పంపి తను బయట టీ కొట్టు దగ్గర నిలబడతారు. దిమ్మల మధ్య కూర్చున్న వర్తకుడు తలెత్తకుండానే "ఏటి కావాలి?" అంటాడు. కబడ్డీ జట్టు కెప్టెన్ పిల్ల గుటక మింగుతుంది. "బాబుగారూ, మా జెర్సీల మీద మీ కొట్టు పేరు ఏయిస్తామండి. స్టేట్ దాకా ఎల్తాదండి." ఆయన తలెత్తుతాడు. "ముందు వైపా, ఎనక వైపా?" బేరం మొదలైనట్టే. ఆ పిల్ల రేపు ఏ ఇంటర్వ్యూలోనూ తడబడదు.

లెక్కలు ఆయనకి పడవు. ఒకడు ఖర్చు రాస్తాడు, ఇంకొకడు సరిచూస్తాడు. ఇడ్లీ ప్లేటుకి ఐదు రూపాయలు తేడా వస్తే, రాసినవాడు జట్టు మొత్తానికీ సంజాయిషీ చెప్పుకోవాలి. ఇక హిందీ. నేషనల్స్‌కి వెళ్తే రైల్లో టీటీఈతో మాట్లాడే భారం పదిహేనేళ్ళవాడిది. వెనక నుంచి మాస్టారు సాయం చేస్తూనే ఉంటారు. అది రాకుండా చూసుకోవడం కూడా వాడి భారమే.

ఆయన తెలిసి చేసే మంచి పని ఒకటుంది. కబడ్డీలో అవుటైనవాళ్ళు గీత అవతల వరసగా కూర్చుంటారు. అవతలి జట్టులో ఒకడు అవుటైతే మనవాడొకడు లోపలికొస్తాడు. ముందు అవుటైనవాడే ముందు రావాలి, ఎంత మొనగాడైనా వరస మారదు. పైగా తిరిగి రావడం తన చేతిలో లేదు, కోర్టులో మిగిలినవాళ్ళు పాయింటు తేవాలి. పొద్దున్నే పోట్లాడుకున్నవాడే రెయిడుకి వెళ్తే, వాడు ముప్పై సెకన్లలో ఒకణ్ణి ముట్టుకుని రావాలని వీడు లోపల మొక్కుకుంటాడు. "మాస్టారూ, ఆడి కన్నా నాను బాగా ఆడతాను, నన్ను ముందు దింపండి" అని ఎవడైనా అడిగితే, ఎంతటి వాగుడుకాయ మాస్టారైనా సరే, అక్కడ నోరు మెదపరు. వేలితో వరస చూపిస్తారు. ఏడాది పొడుగునా ఆయన చెప్పిన పాఠాల్లో పిల్లల ఒంటికి పట్టింది అదొక్కటే.

ఈమధ్య శిక్షణ తరగతిలో ఆయనకో ఫారం ఇచ్చారు. జీవన నైపుణ్యాలు పదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల్లోనే తేల్చిందట. ఒక్కొక్కటీ ఆటల ద్వారా ఎలా నేర్పుతున్నారో రాయాలి. మాస్టారు అలవాటు ప్రకారం కెప్టెన్ పిల్లకిచ్చారు. "నువ్వే పూర్తి చేసీ అమ్మా."

పిల్ల నిజాయితీగా నింపింది. సంభాషణా నైపుణ్యం: బెల్లం మార్కెట్. సమస్యా పరిష్కారం: మాస్టారు టికెట్లు ఇంట్లో మర్చిపోయిన రోజు. సహానుభూతి: మాస్టారి హిందీ వింటున్న టీటీఈ గారి మీద కలిగింది. ఒత్తిడిని తట్టుకోవడం: మాస్టారితో టోర్నమెంటుకి వెళ్ళడం.

మాస్టారు "శభాష్" అని చివర సంతకం పెట్టేశారు. సంతకానికి ముందు చదవడమన్నది ఆ పదింటిలో లేదు.