టాపు లేని బేరం

అమ్మకానికి పెట్టేదాకా నా కారులో ఇన్ని లోపాలున్నాయని నాకు తెలీదు. వాటిలో సగం నేను డబ్బిచ్చి చేయించుకున్నవే.

కారు స్టాండర్డ్ హెరాల్డ్. రెండు తలుపులది, 1960ల నాటిది. మద్రాసుకు దక్షిణాన వండలూరు దగ్గర స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ల ఫ్యాక్టరీలో తయారైన బండి, నగరానికి ఇవతలి వైపున్న మా తామరైపాక్కం చేరడానికి దాదాపు అరవై ఏళ్లు పట్టింది. ఆలోగా ఆ కంపెనీ హెరాల్డ్‌ను ఆపేసి, గజెల్‌ను తెచ్చి, దాన్నీ ఆపేసి, స్టాండర్డ్ 2000 అనే పెద్ద కారుతో చేతులు కాల్చుకుని, 1988లో మూతపడింది కూడా. ఇవన్నీ తెలిసే కొన్నాను. స్పేర్లు ఎక్కడ దొరుకుతాయని మా బావ అడిగితే, చెన్నై పుదుపేట స్పేర్ల బజారులో దొరకనిది లేదన్నాను. పుదుపేటలో నిజంగానే అన్నీ దొరుకుతాయి, మనకు కావలసిన ఒక్కటి తప్ప.

ఈ కారు పుట్టుకలోనే ఒక తిరకాసు ఉంది. ఇంగ్లండులో హెరాల్డ్‌ను మొదట తయారుచేసిన కోవెంట్రీ కంపెనీవాళ్లకు బాడీలు చేసిపెట్టే ఫిషర్ అండ్ లడ్లో సంస్థను పోటీదారులైన బీఎంసీవాళ్లు కొనేశారు. ఒకే షెల్లుగా బాడీ చేసిచ్చే దిక్కు లేకపోయింది. దాంతో ఛాసిస్ విడిగా పెట్టుకుని, బాడీని ముక్కలుగా తలా ఒకచోట చేయించి, బోల్టులతో బిగించారు. ఇటలీ డిజైనర్ మికెలోట్టి గీసిన ఆ కారు 1959లో బయటికొచ్చింది. ముక్కలుగా బిగించినది కాబట్టి టాపు కూడా బోల్టులు విప్పితే ఊడి వస్తుంది. మరుసటేడే వాళ్లు గుడ్డ టాపుతో కన్వర్టబుల్ కూడా తెచ్చారు.

నా బుద్ధి ఆ బోల్టుల దగ్గరే గడ్డి తింది.

మా సొంతూరు తిరుత్తణి వైపు. 1960 ఏప్రిల్ 1న ఆ సీమ చిత్తూరు జిల్లాలోంచి మద్రాసు రాష్ట్రంలోకి మారింది గానీ, మా ఇళ్లలో మాట మారలేదు, చూసే సినిమా మారలేదు. కోడంబాకంలో తీసిన ఆ తెలుగు సినిమాల్లో హీరో టాపు లేని కారులో చేతులు వదిలేసి పాడుకుంటూ పోయేవాడు. పక్కనున్నావిడ జుట్టు చెదిరేది కాదు. టెంటు హాల్లో నేలమీద కూచుని చూసిన కుర్రాడికి అది ఎక్కడో దిగబడిపోయింది. రిటైరై, చేతిలో నాలుగు డబ్బులు పడ్డాక బయటికొచ్చింది.

గుడ్డ టాపు, దాన్ని మడిచే ఫ్రేము ఇంగ్లండు నుంచి తెప్పించుకోవాలి. సరుకు ఖరీదు, ఓడ కూలి, కస్టమ్స్ సుంకం కలిపి లెక్కేస్తే కళ్లు తిరిగాయి. బుద్ధున్నవాడైతే అక్కడ ఆగుతాడు. నేను ముందు ఇనప టాపు విప్పించాను, గుడ్డది తరవాత చూసుకోవచ్చని. "అది వచ్చేదాకా ఇది ఉండనీండి సార్" అన్నాడు టింకరింగ్ కుర్రాడు. వాడికి సినిమా పాటలు తెలియవులే అనుకున్నాను.

విప్పిన టాపు కొన్నాళ్లు వరండాలో వెల్లకిలా పడుంది. బోర్లించి మా ఆవిడ దానిమీద వడియాలు పెట్టింది. తరవాత కాళ్లకు అడ్డం వస్తోందని గొడవ మొదలైంది. ఒక మధ్యాహ్నం పాత ఇనుము కొనే అబ్బాయి తోపుడు బండితో వస్తే తూకానికి ఇచ్చేశాను. పైగా తూకంలో మోసం చేస్తున్నాడని వాడితో పోట్లాడాను కూడా.

పనులు చేయించిన వరస చెబితే నా తెలివి ఇంకా బాగా అర్థమవుతుంది. మొదట బంపర్లకు క్రోమియం పూత. తరవాత సీట్లకు ఎర్ర రెక్సిను. ఆపైన లేత పసుపు రంగు, దానికి అద్దంలా మెరిసే పాలిషు. ఆ తరవాత పాతకాలపు హారను. కింద నేల రేకు తుప్పు పట్టి, ఒకచోట రోడ్డు కనబడుతుంటే దానిమీద కొత్త రబ్బరు మ్యాటు పరిచాను. ఛాసిస్ నుంచి పక్కలకు వచ్చే ఔట్‌రిగ్గర్లు చేత్తో నలిపితే పొరలుగా రాలుతున్నాయి. అవి ఎవరికీ కనపడవు కదా! వచ్చేపోయేవాళ్లు చూసి బాగుందనే భాగాలన్నీ పూర్తయ్యాయి. కారును మోసే భాగాలకు వచ్చేసరికి డబ్బు అయిపోయింది.

ఇక అమ్మేద్దామనుకున్నాను. ధర కట్టడానికి బిల్లులన్నీ కలిపాను. బిల్లులు లేని వాటికి ఉజ్జాయింపు వేశాను. నా శ్రమకు కొంత, చిన్ననాటి కోరికకు కొంత. వచ్చిన మొత్తం చూసి నాకే ముచ్చటేసింది. మా బావ కాగితం చూసి, "టాపు యాడ పెట్టినావు బావా? దాని లెక్క ఇందులో లేదే" అన్నాడు. కన్వర్టబుల్‌కు టాపు ఉండదని కసిరాను. "వానొస్తే?" అన్నాడు. మా కొసస్థలై ఆనకట్ట కాలవ చోళవరం చెరువుకు నీళ్లు తీసుకుపోయేది ఎక్కువగా కార్తీక మార్గశిరాల వానల్లోనే. ఆ నెలల్లో కారును టార్పాలిన్ కింద దాచుకుంటున్న సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు, బావకు మరీ తెలుసు.

మొదట వచ్చింది పెళ్లి ఫొటోలు తీసే కుర్రాడు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎంతో ఇష్టపడి, "ఇంజన్ తీసేసి ఇస్తే ఎంతకిస్తారు అంకుల్?" అన్నాడు. వాడికి కావలసింది జంట కూచోవడానికి ఒక పసుప్పచ్చ పెట్టె. నాకు అవమానమనిపించి పంపేశాను. ఇప్పుడు తలుచుకుంటే, నేను చేయించినదానికి సరైన గిరాకీ అతనొక్కడే.

తరవాత చెన్నై నుంచి పాత కార్లు పోగుచేసే ఒక పెద్దమనిషి వచ్చాడు, వెంట ముసలి మెకానిక్. ఆ మెకానిక్ మాటలో తెలుగూ తమిళమూ పక్కపక్కనే నడుస్తున్నాయి. నేను ఉపన్యాసం అందుకున్నాను: 948 సీసీ ఇంజన్, పాతికడుగుల వెడల్పులో గిర్రున తిరిగే స్టీరింగు, మా కూట్ రోడ్డు కూడలిలో రివర్సు వేయకుండా మళ్లించవచ్చు, బానెట్టు మడ్‌గార్డులతో సహా ముందుకు లేస్తుంది, టైరుమీద కూచుని ఇంజన్ పని చేసుకోవచ్చు. పెద్దమనిషి తలూపుతున్నాడు. మెకానిక్ వినడం లేదు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి తలుపు కింది అంచుకు ఆనించాడు. అది అతుక్కోకుండా జారి నేల మీద పడింది. ఇంకోచోట పెట్టాడు, మళ్లీ పడింది. రంగు కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ. రబ్బరు మ్యాటు ఎత్తి చూశాడు. ఏమీ అనలేదు, మళ్లీ సర్ది పరిచాడు. నాకు ఆ సర్దడమే ఎక్కువ కష్టమనిపించింది.

ముందు చక్రం దగ్గర గొంతుక్కూచుని, "ట్రునియన్‌కి ఏం కొట్టించినావన్నా? ఆయిలా, గ్రీజా?" అని అడిగాడు.

ఇక్కడ నేను మార్కులు కొట్టేయొచ్చనుకున్నాను. "గ్రీజే! నిండా కొట్టించాను, నిపిల్ పక్కనుంచి బయటికి వచ్చేదాకా" అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. హెరాల్డ్ ముందు చక్రాన్ని పట్టుకునే ఆ కీలుకు గేరు ఆయిలు పోయాలట, తొంభై నంబరుది. గ్రీజు కొడితే గట్టిపడి దారి మూసుకుపోతుంది. లోపలి మరలకు చెమ్మ పట్టి, అరిగి, ఒకరోజు పుటుక్కున విరిగి చక్రం లోపలికి మడుచుకుంటుంది. చూడ్డానికి గ్రీజు నిపిల్‌లాగే ఉంటుంది గనక అందరూ గ్రీజే కొడతారు. "స్పీడు పోలేదు గదా నువ్వు?" అన్నాడు. పోలేదు. పోనివ్వని ఇంజన్‌కు మొదటిసారి కృతజ్ఞత చెప్పుకున్నాను.

ఆపైన ఆర్సీ పుస్తకం అడిగారు. అది నాకు అమ్మినాయన తండ్రి పేరున ఉంది. తండ్రి పోయారు. కొడుకు ఫారం 31 పెట్టి తన పేరుకు మార్చుకోవాలి, అతనూ నేనూ ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టాలి, అప్పుడు గానీ అమ్మే హక్కు నాకు రాదు. క్రోమియం షాపుకు తిరిగినన్ని సార్లు ఆర్టీవో ఆఫీసుకు తిరిగుంటే ఈపాటికి అయిపోయేది.

పెద్దమనిషి మర్యాదస్తుడు. అసలు కారణం చివరికి చెప్పాడు. 2021 జూలైలో కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం, యాభై ఏళ్లు దాటిన బండి ఛాసిస్, బాడీ, ఇంజన్లలో మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉంటే వింటేజ్ కింద 'వీఏ' నంబరు ఇస్తారు. రోజూ తిప్పుకోవడానికి కాదు, ప్రదర్శనకూ ర్యాలీకీ. ఆయనకు కావలసింది ఆ నంబరు. "మీ బండి కన్వర్టబుల్‌గా పుట్టి ఉంటే వేరే మాట. ఇది ఇనప టాపు సెలూన్‌గా పుట్టింది. టాపు ఉందా? ఉంటే తీసుకుంటాను, నేలా ఔట్‌రిగ్గర్లూ నేను చూసుకుంటాను" అన్నాడు. చెప్పిన ధర నా కాగితంలోని మొత్తంలో మూడో వంతు కూడా లేదు. అయినా సరేనన్నాను. టాపు ఉందని కూడా అన్నాను.

పాత ఇనుము అబ్బాయిని పట్టుకుంటే వాడు ఒక రైతుకు అమ్మానన్నాడు. ఏటిగట్టు అవతల, మల్లెతోటలో బోరు మోటారుకు నీడగా నాలుగు రాళ్లమీద పెట్టుంది నా టాపు. లోపల కోడి గుడ్లు పెట్టింది. రైతు నన్ను చూడగానే గుర్తుపట్టాడు, పసుపు కారాయన కదా అని. "ఏం సామీ, వెనక్కి కావాల్నా?" అన్నాడు. కావాలని నా మొహమే చెబుతోంది. అలాంటి మొహంతో బేరానికి పోకూడదని ఎవరూ చెప్పలేదు. నేను తూకానికి అమ్మినదానికి పదింతలు అడిగాడు, మోటారుకు కొత్త రేకు కూడా వేయించమన్నాడు. వేయించాను.

పేరు మార్పులన్నీ తెమిలాక కారు లారీ ఎక్కింది, టాపు దాని పక్కనే తాళ్లతో కట్టారు. డబ్బు ఎంతొచ్చిందని మా ఆవిడ అడిగింది. వచ్చింది చెప్పాను. టాపుకు పోయింది చెప్పలేదు. "ఆ బంపర్లకు ఎంతయిందో ఇంతవరకూ చెప్పనే లేదు మీరు" అంది. క్రోమియం బిల్లు ఎక్కడో పెట్టానన్నాను, వెతుకుతున్నాను.