మెయిన్ పేపర్ వెలుగులు, మినీ పేపర్ వెతలు

తెలుగు పేపరంటే రెండు పేపర్లు. 1989లో ‘ఈనాడు’ జిల్లాకో అనుబంధం మొదలుపెట్టినప్పటి నుంచీ ఇదే ఆచారం. మెయిన్‌లో దేశం వెలిగిపోతుంటుంది. మడత విప్పగానే జారిపడే మినీలో మన జిల్లా ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి. మా ఊరు మరిపెడ బంగ్లాలో పొద్దున్నే ఛాయ్ హోటల్ బెంచీ ఎక్కే పెద్దమనుషులు మెయిన్ కోసం కొట్లాడుకుంటారు. మినీని పల్లీలకు వదిలేస్తారు. రెండూ పక్కపక్కన పరుచుకుని చదివితే గానీ అసలు వార్త దొరకదని నా అనుభవం.

ముందు బిజినెస్ పేజీ. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు సెలవిచ్చారు. 2025 జనవరికల్లా ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు పాటను 90కి పెంచారు. ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపని చూస్తారు, ఆదివారం కూడా ఆఫీసుకు రండన్నది వారి బాధ. ఈ వార్త చదివి వినిపిస్తే, మిర్చి ఏరడానికి పోతూ ఛాయ్‌కి ఆగిన కూలీల్లో ఒకామె అడిగింది: “తొంభై గంటలేనా సారూ? మిగిలిన గంటలు ఆయన ఏం జేస్తడు?” పక్కనామె ఇంకో అడుగు ముందుకేసింది: “కూసొని పెండ్లాం మొఖం జూసే మొగోడు మా తండాల ఒక్కడు సుత లేడు. యాడన్నుంటే మాకు జూపియ్యుండ్రి.”

ఎల్ అండ్ టీ మనకు కొత్తదేం కాదు. భూపాలపల్లి జిల్లాలో మేడిగడ్డ బ్యారేజీ కట్టింది వాళ్లే. మూర్తి గారు గంటల లెక్క చెప్పిన అక్టోబరులోనే, 21వ తేదీ శనివారం సాయంత్రం, దాని పిల్లర్లు కుంగాయి. తప్పెవరిదో కమిషన్లు, కోర్టులు తేల్చనీ. ఆ వారాంతం సెలవు పెట్టకుండా పనిచేసింది మాత్రం గోదావరే.

టెక్నాలజీ పేజీ తిప్పితే కథ అడ్డం తిరుగుతుంది. 2025 జులైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా ఉద్యోగులను ఇంటికి పంపుతామంది. ఏఐ వల్ల కాదని కంపెనీ చెప్పింది, ఏఐ వల్లేనని పేపర్లు రాశాయి. పనిగంటలు చాలడం లేదని ఒక పేజీ, పనిచేసేవాళ్లు ఎక్కువయ్యారని ఇంకో పేజీ. “గా ఏఐ మిర్చి ఏరుతదా?” అని మా బెంచీ రైతు ఆశగా అడిగాడు. మొన్నటి పంటకు కూలీలు దొరక్క కాయ చెట్టు మీదే ఎండిపోయిందని ఆయన గోస. ఏరదు, కవిత్వం రాస్తుందని చెప్పాను. “ఇప్పటికే రాసెటోళ్లు శానమంది ఉన్నరు గద” అని ఛాయ్ గ్లాసు కింద పెట్టాడు.

2025 ఆగస్టు సంగతి చూడండి. మెయిన్‌లో పండగ: దేశంలో ఒక్క నెలలో యూపీఐ చెల్లింపుల సంఖ్య మొదటిసారి 2,000 కోట్లు దాటింది, ప్రపంచం నోరెళ్లబెట్టింది. మినీలో అదే నెల ఫొటో: మా మానుకోట జిల్లాలో యూరియా కోసం సొసైటీ గోదాము ముందు చెప్పుల లైన్. రాత్రికి రాత్రే వచ్చినవాళ్లు నిలబడలేక తమ వంతుకు చెప్పులను కాపలా పెట్టి చెట్టు కిందికి పోయారు. హవాయి చెప్పులు, పట్టీ తెగితే పిన్నీసు గుచ్చిన చెప్పులు. మధ్యలో ఒకచోట పట్టాదారు పాస్‌బుక్, ఎగిరిపోకుండా దాని మీద రాయి, దాని కింద నాలుగు మడతల ఆధార్ జిరాక్స్. ఆ కాగితం తడిసి, మీద బొమ్మ ఎవరిదో పోల్చుకోవడం కష్టమే.

45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. జేబులో ఫోన్ ఉంది, ఫోన్లో పైసలున్నాయి, సెకనులో కొట్టేయొచ్చు. లేనిదల్లా బస్తానే. కోటా ఇవ్వలేదని రాష్ట్రం, ఇచ్చిందంతా ఏం చేశారని కేంద్రం. ఏటా 12.7 లక్షల టన్నులు తయారుచేసే సత్తా ఉన్న రామగుండం ఫ్యాక్టరీ సరిగ్గా ఆ సీజన్లోనే మొరాయించింది. పైసలు పంపడానికి లైన్ లేని దేశంలో, ఆ పైసలతో కొనే సరుకుకు లైన్ ఉందన్న వార్తను ఏ పేజీలో వేయాలో ఎవరికీ తోచలేదు.

అధికారులు మాత్రం టెక్నాలజీని వదల్లేదు. నానో యూరియా వాడమన్నారు. 2021లో ఇఫ్కో తెచ్చిన ఈ అర లీటరు సీసా ఒక బస్తాకు సమానమట. మా రైతు సీసాను పైకెత్తి, వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు. “బస్తా ఏ మూలకుంది సారూ?” అన్నాడు. 2025 డిసెంబరులో యూరియా బుకింగ్‌కి సర్కారు యాప్ కూడా తెచ్చింది. ఇక లైన్ ఫోన్లోనే కడతారు. చెప్పులైనా మిగులుతాయి.

ఫోన్‌తో ఇంకో బెడదా ఉంది. పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి పైసలు గుంజే ‘డిజిటల్ అరెస్టు’ గురించి 2024 అక్టోబరు మన్ కీ బాత్‌లో ప్రధానమంత్రే హెచ్చరించారు. అసలు చట్టంలో అలాంటి అరెస్టే లేదు. మా తండాలకు ఈ బెడద తక్కువ. వీడియో కాల్‌లో అరెస్టయి కూర్చోవాలన్నా సిగ్నల్ ఉండాలి కదా! సిగ్నల్ ఉన్న అదృష్టవంతులు సైబర్ మోసాల ఫిర్యాదుకు 1930 నంబరు గోడ మీద రాసిపెట్టుకోండి.

ఇక ఆరోగ్యం. సన్నబడే ఇంజెక్షన్ మౌంజారో 2025 మార్చిలో మన దేశానికి వచ్చింది. వచ్చిన కొత్తలో మొదటి మోతాదుకే నెలకు 14 వేల రూపాయలు. సరిగ్గా అంతకు ముందు నెల కేంద్రం ఆంధ్ర మిర్చికి క్వింటాకు 11,781 రూపాయల ధర ఖరారు చేసింది. అంటే క్వింటా మిర్చి అమ్ముకున్న రైతు ఒక్క నెల కూడా సన్నబడలేడు. పండించే పనిలోనే ఆ ముచ్చట తీరిపోతుంది కాబట్టి పెద్ద నష్టమేం లేదు.

2024 అక్టోబరు 30న పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ సర్కారు ఏడాది పాటు నిషేధించింది. అలాంటిదొకటి మా ఊరికి వచ్చిందని మాలో సగం మందికి అది పోయాకే తెలిసింది. 2025 జులైలో సమోసా, జిలేబీలకు హెచ్చరిక బోర్డులొస్తున్నాయని గోల లేచింది. ఆఫీసుల్లో నూనె, చక్కెర ఎంతెంత తింటున్నారో చెప్పే బోర్డులే తప్ప, బండ్ల మీది తిండికి లేబుళ్లు కాదని కేంద్రం వివరణ ఇచ్చుకుంది. మా మిర్చి బజ్జీల బండాయన నిరాశపడ్డాడు. “బోర్డు పెడితే గిరాకీ పెరుగుతుండె” అన్నాడు. సిగరెట్ పెట్టె మీది బొమ్మను చూసి మానేసిన మనిషిని ఆయన ఇంతవరకు చూడలేదట.

నవ్వుకు వీల్లేని వార్త ఒకటి మాత్రం లోపలి పేజీలో చిన్నగా వచ్చింది. చక్కెర నీళ్ల డబ్బాల మీద ‘ఓఆర్ఎస్’ అని రాసి అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు కొట్లాడారు. 2025 అక్టోబరు 14న కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో ఉండాల్సిన గ్లూకోజు 13.5 గ్రాములు. ఆ డబ్బాల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు. చక్కెర ఎక్కువైతే పేగుల్లోకి ఇంకా నీరు లాగుతుంది. విరేచనాలు తగ్గాల్సిన పిల్లకు పెరుగుతాయి. కంపెనీల షేరు ధరకు రోజూ చోటిచ్చే పేజీలు, ఈ వార్తకు ఒక్క రోజు చోటిచ్చి ఊరుకున్నాయి. బెంచీ మీద అది ఎవరి కంటా పడలేదు.

అందుకే ఈ ఒక్కటి కత్తిరించి దాచుకోండి. పిల్లకు విరేచనాలైతే కిరాణా కొట్టులో రంగు డబ్బా కొనకండి. ఆశా వర్కర్ దగ్గరో, పీహెచ్‌సీలోనో అసలు ఓఆర్ఎస్ ప్యాకెట్ అడగండి. లీటరు ప్యాకెట్‌ను లీటరు మంచినీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, సగం సగం కాదు. దానికి పైసా ఇవ్వక్కర్లేదు.