నల్ల డిస్కు వాంగ్మూలం

న్యూజెర్సీలో ఒక తెలుగువాళ్ళ ఇంట్లో, టీవీ కింది సొరుగులో, పాత చార్జర్ల మధ్య ఒక డిస్కు ఉంది. వెడల్పు 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. అడుగు భాగం మామూలు సీడీలా వెండి రంగులో మెరవదు, కాటుకలా నల్లగా ఉంటుంది. మొదటి ప్లేస్టేషన్ డిస్కులన్నీ అంతే. పైన ‘ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్’ అని పేరు. ఇది ఆ డిస్కు ఆత్మకథ, చెబుతున్నదీ ఆ డిస్కే. ‘నేను’ అనకుండా చెబుతోంది, ఎందుకంటే దాని లోపలున్న కథ కూడా అలాగే నడుస్తుంది. అరజ్లామ్ అనే చరిత్రకారుడు తన సంగతి పక్కన పెట్టి, లోకం మరిచిపోయిన ఒక మనిషి గురించి చెబుతాడు. 27 ఏళ్ళు ఆ కథను మోసిన డిస్కుకు ఆ పద్ధతే ఒంటబట్టింది.

ఈ డిస్కుకు ఒక అక్క ఉంది. 1997 జూన్ 20న జపాన్‌లో విడుదలైంది, జపనీసు మాట్లాడుతుంది. ఈ డిస్కుది ఇంగ్లిషు. 1998 జనవరి 28న అమెరికా దుకాణాల్లోకి వచ్చింది. ఇద్దరినీ కన్న కంపెనీ స్క్వేర్. కథ రాసి దర్శకత్వం చేసినవాడు యాసుమి మత్సునో. అంతకుముందు క్వెస్ట్ అనే సంస్థలో 1995లో ‘టాక్టిక్స్ ఓగర్’ చేసి పేరు తెచ్చుకుని, ఆ వెంటనే స్క్వేర్‌కు వచ్చాడు. యుద్ధపు లెక్కలు హిరొయుకి ఇతో కట్టాడు. సంగీతం హితోషి సకిమోతో, మసహరు ఇవాతా. మనుషుల్ని గీసింది అకిహికో యోషిదా. ఆయన గీసిన ముఖాలకు ముక్కులుండవు. కళ్ళు, నోరు, జుట్టు, అంతే. మొదటి రోజు వింతగా అనిపిస్తుంది, మూడో రోజుకు ముక్కు లేదన్న సంగతే గుర్తుండదు.

ఆట చదరంగం లాంటిదే, కానీ బల్ల చదునుగా ఉండదు. గళ్ళకు ఎత్తుపల్లాలుంటాయి. ఇంటి కప్పు మీద ఒక విలుకాడు, కింద నీళ్ళలో ఒక కత్తివాడు. బటన్ నొక్కితే మైదానం మొత్తం పీట తిప్పినట్టు పావు వంతు తిరుగుతుంది, గోడ చాటున నక్కిన శత్రువు బయటపడతాడు. అప్పటి ప్లేస్టేషన్‌లో మెయిన్ మెమరీ 2 మెగాబైట్లు మాత్రమే. ఈ ఆట మైదానాలు చిన్నవి, కొన్నయితే ఒక ఇంటి పెరడంత ఉంటాయి. ఆ ఇరుకులోనే ప్రతి గడికీ విలువ పెరిగింది.

చదరంగంలో నువ్వొక ఎత్తు, నేనొక ఎత్తు. ఇక్కడ అలా కుదరదు. ప్రతి మనిషికీ ఒక లెక్క లోపల నడుస్తూ ఉంటుంది. అతని వేగం ఎంతో, క్షణక్షణానికీ ఆ లెక్కకు అంత కలుస్తుంది. 100కు చేరగానే అతని వంతు. వేగం 10 ఉన్నవాడు 10 క్షణాల్లో చేరతాడు, 8 ఉన్నవాడికి 13 పడతాయి. వంతు వచ్చాక నడిచి, కొట్టి, రెండూ చేస్తే లెక్కలోంచి 100 పోతుంది. ఒకటే చేస్తే 80. ఏమీ చేయకుండా ఆగితే 60. అంటే చేయి బిగబట్టుకున్నవాడికి మళ్ళీ వంతు తొందరగా వస్తుంది. మంత్రాలదీ ఇదే తీరు. ఇప్పుడు చదివిన నిప్పు మంత్రం కొన్ని క్షణాల తర్వాతే దిగుతుంది. ఈలోపు శత్రువు మనవాడి పక్కకు జరిగి నిలబడితే, ఆ నిప్పు ఇద్దరి నెత్తినా పడుతుంది. ఈ డిస్కు తిరిగిన గదిలో ఎక్కువసార్లు వినపడిన కేక ఆ సమయానిదే.

ఇంకో రెండు అంకెలు ఉన్నాయి, ధైర్యం, విశ్వాసం అని. విశ్వాసం ఎక్కువున్నవాడి మంత్రం గట్టిగా పనిచేస్తుంది, మంత్రం దెబ్బ అతనికీ గట్టిగానే తగులుతుంది. అది మరీ పెరిగిపోతే ఒకరోజు దేవుడి దారి పడతానని జట్టు వదిలి వెళ్ళిపోతాడు. ధైర్యం బాగా పడిపోయినవాడు కోడిగా మారి మైదానమంతా పరుగులు పెడతాడు. పడిపోయినవాడి తల మీద 3, 2, 1 అని అంకెలు తగ్గుతాయి. ఆలోపు ఎవరూ లేపకపోతే ఒక స్ఫటికంగానో, పెట్టెగానో మారతాడు. ఇక ఆ మనిషి లేడు. పేరు పెట్టుకుని, పది యుద్ధాలు తిప్పి, మంత్రాలు నేర్పించుకున్న మనిషి.

కథకు మూలం 15వ శతాబ్దపు ఇంగ్లండు, అక్కడి గులాబీల యుద్ధాలు. ఇవాలీస్ అనే రాజ్యంలో యాభై ఏళ్ళ యుద్ధం ముగిసింది. జీతాలు అందని సైనికులు తిరుగుబాటుదారులయ్యారు. రామ్జా గొప్ప యోధుల ఇంటి చిన్న కొడుకు. డెలిటా అదే ఇంట్లో పెరిగిన సామాన్యుల పిల్లాడు. ఇద్దరూ ప్రాణ స్నేహితులు. డెలిటా చెల్లెలు టెటాను తిరుగుబాటుదారులు ఎత్తుకుపోయారు, ఆమె రామ్జా తోడబుట్టిన పిల్ల అనుకుని. కోట దగ్గర ఆమెను అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. రామ్జా అన్న ఆజ్ఞ ఇచ్చాడు, ఆల్గస్ అనేవాడు బాణం వదిలాడు. ఎత్తుకుపోయినవాళ్ళు ఆమె గొప్పింటి పిల్ల అనుకున్నారు. బాణం వదిలినవాళ్ళకు కాదని తెలుసు.

1998లో ఈ డిస్కును కొన్న కుర్రాడికి 13 ఏళ్ళు. వై2కె పనుల మీద వచ్చిన నాన్న వెంట అమెరికా చేరి ఇంకా ఏడాది కాలేదు. పక్కన ఎనిమిదేళ్ళ చెల్లి కూర్చుని చూసేది. ఆ బాణం దగ్గర అడిగింది.

“అన్నయ్యా, ఆ అక్కను ఎందుకు కొట్టారు? పట్టుకున్నవాళ్ళను కదా కొట్టాలి?”

“వాళ్ళింటి పిల్ల కాదు కదే.”

చెల్లి ఇంకేమీ అడగలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి అమ్మ పక్కన నిలబడింది. ఆట చెప్పదలుచుకున్నదంతా ఆ పిల్లకు అక్కడే అర్థమైందని ఈ డిస్కు నమ్మకం.

ఆ తర్వాత డెలిటా అబద్ధాల మెట్లు ఎక్కుతూ సింహాసనం దాకా వెళతాడు, చరిత్ర అతన్ని వీరుడంటుంది. నిజంగా రాజ్యాన్ని కాపాడిన రామ్జా మీద మతద్రోహి అని ముద్ర పడుతుంది. జరిగింది జరిగినట్టు రాసిన ఒరాన్ డురై అనేవాడిని మతాధికారులు కట్టెకు కట్టి కాల్చేస్తారు, అతని రాతల్ని దాచేస్తారు. శతాబ్దాల తర్వాత అవి బయటపడితేనే ఆ వంశం వాడైన అరజ్లామ్ మనకు ఈ కథ చెప్పగలిగాడు. మూల పత్రం పోతే ఏమవుతుంది, మిగిలితే ఏమవుతుంది అన్నదే కథకు వెన్నెముక. ఆ మాట ఆట లోపలే ఉండిపోతుందని ఈ డిస్కు అనుకుంది. బయట కూడా అదే జరిగింది.

జపనీసు ఆట పూర్తయ్యాక ఇంగ్లిషు ఆట తయారీ మొదలైంది. అప్పటి పద్ధతి ప్రకారం, ఉన్న జపనీసు ఫైళ్ళ మీదే కొత్త భాష రాశారు. పలక తుడిచి మళ్ళీ రాసినట్టు. పాతదానికి వేరే నకలు దాచలేదు. అలా అసలు ఆట సోర్సు కోడ్ లేకుండా పోయిందని, 2025లో ఈ ఆట రీమేక్ గురించి చెబుతూ దాని దర్శకుడు కజుతోయో మయెహిరో వెల్లడించాడు. ఆయన 1997 జట్టులో పనిచేసినవాడే, తర్వాత ‘ఫైనల్ ఫాంటసీ 16’ కథ రాసినవాడు.

అంటే ఈ డిస్కు పుట్టుక కోసం తుడిచింది దాని అక్క పలకనే. ఎవరూ కావాలని చేసిన తప్పు కాదు, ముప్ఫై ఏళ్ళ తర్వాత ఎవరో మళ్ళీ అడుగుతారని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. అయినా తెలిసిన రోజున ఈ డిస్కుకు బరువుగానే అనిపించింది.

డిస్కులో ఆట మొత్తం ఉంది కదా, మళ్ళీ కోడ్ ఎందుకు అని అడగొచ్చు. డిస్కులో ఉండేది యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలు. మనిషి చదివి సరిచేసుకునే రూపం సోర్సు కోడ్. వండిన పులుసు గిన్నె నిండా ఉన్నా, అందులో ఏ దినుసు ఎప్పుడు పడిందో గిన్నె చెప్పదు. రుచి చూసి, మళ్ళీ చూసి, కనిపెట్టాలి. రీమేక్ జట్టు చేసింది అదే. విడుదలైన ఆటను ముందు పెట్టుకుని, ఏ దెబ్బకు ఏ లెక్క, ఏ మంత్రానికి ఎంత ఆలస్యం అని చూసుకుంటూ ప్రోగ్రామును తిరిగి కట్టుకొచ్చారు. బొమ్మలు మెరుగుపెట్టడం చాలామంది చేస్తారు. ఇక్కడ ముందు పునాది తవ్వి తీయాల్సి వచ్చింది. ఈ రీమేక్‌లో ఈ డిస్కు అన్నిటికంటే గౌరవించేది ఆ కంటికి కనపడని పనిని.

2025 సెప్టెంబరు 30న ‘ది ఇవాలీస్ క్రానికల్స్’ పేరుతో అది వచ్చింది. ఒకే ఆటలో రెండు రూపాలు. ఒకటి పాత ఆటను పాతగానే చూపేది. రెండోది మెరుగుపెట్టినది. ఇందులో ఎవరి తర్వాత ఎవరి వంతో తెర మీద వరసగా కనపడుతుంది, మైదానాన్ని పైనుంచి చూడొచ్చు, ఆట తనంతట తానే సేవ్ అవుతుంది, కష్టం మూడు మెట్లుగా ఎంచుకోవచ్చు. అన్నిటికన్నా పెద్ద మార్పు గొంతులు. 1997లో అక్షరాలుగా మాత్రమే కదిలిన మాటలు ఇప్పుడు మనుషుల నోట వినపడతాయి. అందుకోసం మత్సునో తిరిగి వచ్చి మాటలు సరిదిద్దాడు, యుద్ధం మధ్యలో పాత్రలు మాట్లాడుకునే కొత్త మాటలు చేర్చాడు. ముక్కులు మాత్రం ఇప్పటికీ లేవు. ఆ సంగతికి ఈ డిస్కు సంతోషించింది.

2007లో పీఎస్పీ కోసం వచ్చిన ‘వార్ ఆఫ్ ది లయన్స్’లో వేరే ఆటల నుంచి ఇద్దరు అతిథులు, రెండు కొత్త వృత్తులు చేరాయి. రీమేక్ వాటిని తీసుకోలేదు. ఆ వృత్తుల్లో ఒకటైన డార్క్ నైట్ లేదని బాధపడినవాళ్ళున్నారు. ఆ బాధ నిజమైనదే, అది సంపాదించడానికి గంటలకు గంటలు పోసినవాళ్ళు వాళ్ళు. అయినా మొదటి ఆటను నిలబెట్టడానికే ఇంత తవ్వకం జరిగినప్పుడు, దాని దగ్గరే ఆగడం సరైన నిర్ణయమని ఈ డిస్కు అంటుంది.

రీమేక్ ప్రకటించినప్పుడు మత్సునో ఒక మాట రాశాడు. జపాన్ బుడగ ఆర్థికం పగిలిన తర్వాతి రోజుల్లో, ఆశలు మూసుకుపోయిన కాలంలో ఈ కథ పుట్టిందని, ఇన్నేళ్ళ తర్వాతా అసమానత లోతుగా పాతుకునే ఉందని దాని సారాంశం. టెటా మీద పడిన బాణం ఎక్కడినుంచి వచ్చిందో అది చదివితే తెలుస్తుంది.

ఇక భాష సంగతి. ఈ డిస్కు ఇంగ్లిషు అంత గొప్పది కాదు. డ్రాగన్ నోట్లోంచి నిప్పు ఊదే విద్యకు ఇందులో పేరు ‘ఫైర్ బ్రేస్‌లెట్’. ఊపిరి అన్న అర్థంలో జపనీసులో ‘బురెసు’ అని రాస్తే, అది కంకణమైపోయింది. 2007లో అలెగ్జాండర్ ఓ. స్మిత్, జోసెఫ్ రీడర్ అంతా కొత్తగా, పాతకాలపు నాటక భాషలో అనువదించారు. టెటా టియెట్రా అయింది, ఆల్గస్ ఆర్గాథ్ అయ్యాడు. రీమేక్‌లో పాత రూపానికి కూడా ఆ 2007 ఇంగ్లిషే పెట్టారు. దానితో 1998 నాటి మాటలు కొత్త ఆటలో ఎక్కడా లేకుండా పోయాయి. మంచి అనువాదం రావడం ధర్మమే. కానీ ఒక తరం అమెరికా పిల్లలు ఈ కథను తెలుసుకున్నది ఆ తడబడే ఇంగ్లిషులోనే. కొత్తగా ఇంగ్లిషు నేర్చుకుంటున్న ఆ తెలుగు కుర్రాడు ‘బ్రేస్‌లెట్’ దగ్గర డిక్షనరీ తీశాడు. ఆ మాటలు ఇలాంటి నల్ల డిస్కుల్లో ఇంకా ఉన్నాయి.

ఆ కుర్రాడు మొదటిసారి ఆట పూర్తి చేయలేదు. మూడో అధ్యాయం చివర రియోవేన్స్ కోట ఉంది. ద్వారం దగ్గర ఒక యుద్ధం, సేవ్ చేయమంటుంది, ఆ వెంటనే లోపల ఇంకొకటి. రామ్జా ఒక్కడు, ఎదురుగా వీగ్రాఫ్. చెల్లెలి చావుకు పగ మోస్తున్న మనిషి. అతన్ని దాటితే అతనే రాక్షసుడై మళ్ళీ లేస్తాడు. బలం చాలకపోతే బయటికి వెళ్ళి పెంచుకుని వచ్చే దారి లేదు. కుర్రాడి మెమరీ కార్డులో ఉన్నవి 15 బ్లాకులు. మిగతావన్నీ వేరే ఆటలవి, దీనికి మిగిలింది ఒక్కటే సేవ్. అది ఆ రెండు యుద్ధాల మధ్య చిక్కుకుపోయింది. నెల రోజులు ఓడిపోయాడు. తర్వాత డిస్కు పెట్టెలోకి, పెట్టె సొరుగులోకి వెళ్ళాయి.

2025 అక్టోబరులో, 40 ఏళ్ళ మనిషి అదే హాల్లో కొత్త ఆటలో వీగ్రాఫ్‌ను ఓడించాడు. ఈ డిస్కు సొరుగులోంచి సంగీతాన్ని గుర్తుపట్టింది. కొత్త యంత్రం దీన్ని చదవలేదు, ప్లేస్టేషన్ 5కు ఈ తరం డిస్కుల భాష తెలియదు. ఆ శనివారం అతను గరాజ్‌లోంచి బూడిదరంగు పాత ప్లేస్టేషన్ తెచ్చాడు. డిస్కును చొక్కా అంచుతో మధ్యనుంచి బయటికి తుడిచాడు, గుండ్రంగా కాకుండా, చిన్నప్పుడు ఎవరో నేర్పినట్టు. మెమరీ కార్డు గుచ్చాడు. 128 కిలోబైట్ల ఆ కార్డులో సేవ్ అలాగే ఉంది.

డల్లాస్‌లో ఉన్న చెల్లికి వీడియో కాల్ కలిపి, ఫోన్‌ను టీవీ వైపు తిప్పి నిలబెట్టాడు.

“ఇంకా ఉందా అన్నయ్యా అది!”

“ఉంది. ఏం చేయను, కొట్టనా?”

“కొట్టకు. ముందు దూరం జరుగు. వాడి వంతు ఎప్పుడో చూడు.”

లేజరు వెతుకుతున్న చప్పుడు, చిన్న గరగర, ఆగి మళ్ళీ గరగర. డిస్కు వేగం అందుకుంది. తెర మీద రామ్జా ఒక్కడే నిలబడి ఉన్నాడు, 1998లో వదిలేసిన చోటే. అన్న అతన్ని మూడు గళ్ళు వెనక్కి జరిపాడు.