లెక్కప్రకారం ఇంకా ఛాన్సుంది

భారత ఫుట్‌బాల్ అభిమానులు రెండు రకాలు. మ్యాచ్ మొదలుకాకముందే ఓడిపోయామని తేల్చేసేవాళ్లు, అయిపోయాక కూడా ఓడిపోలేదని వాదించేవాళ్లు. మొదటి రకం మా నాన్న. రెండో రకం మా బావ. మధ్యలో టీవీ రిమోట్ పట్టుకుని నేను.

2025 అక్టోబరు 14న గోవాలో సింగపూర్ మీద మనవాళ్లు ముందు గోల్ కొట్టారు. నాన్న నిట్టూర్చారు. "అయిపోయింది. ఇక ఓడిపోతారు" అన్నారు. 1-2తో ఓడిపోయారు. 2027 ఆసియా కప్ తలుపు మూసుకుపోయిందని వ్యాఖ్యాత చెబుతుండగానే బావ కాగితం, పెన్ను అందుకున్నాడు.

"తొందరపడకండి మామయ్యా. మనకి రెండు పాయింట్లు. సింగపూర్‌కి ఎనిమిది, హాంకాంగ్‌కి ఎనిమిది. మిగిలిన రెండూ గెలిస్తే మనకీ ఎనిమిదే. లెక్కప్రకారం ఇంకా ఛాన్సుంది."

"ఆ రెండు జట్లకీ ఒకదానితో ఒకటి మ్యాచ్ ఉందిగా అల్లుడూ?"

బావ కాసేపు ఆలోచించాడు. "ఆ మ్యాచ్‌లో ఇద్దరూ ఓడిపోవాలి, అంతే."

అసలు బావ ఆశ ఇంత గట్టిపడటానికి కారణం 2022 జూన్. కోల్‌కతాలో ఆసియా కప్ అర్హత మ్యాచ్‌లు మూడూ గెలిచాం. హాంకాంగ్‌ని 4-0తో చిత్తు చేశాం. ఆటగాళ్లలో స్ఫూర్తి నింపడానికి ఫుట్‌బాల్ సమాఖ్య 16 లక్షలు పెట్టి ఓ జ్యోతిష సంస్థను కుదుర్చుకుందని ఆ రోజుల్లోనే పత్రికలు రాశాయి. దేశమంతా నవ్వింది. బావ నవ్వలేదు. "16 లక్షలకి మూడు విజయాలు! ఇంత చవగ్గా ఏ విదేశీ కోచ్ ఇస్తాడు?" అని ఇప్పటికీ అడుగుతాడు. 2025 జూన్‌లో అదే హాంకాంగ్ చేతిలో 0-1తో ఓడినప్పుడు తప్పంతా గ్రహాలను పక్కనపెట్టి శిక్షణను నమ్ముకున్నవాళ్లదేనని తేల్చాడు.

నాన్నది జ్యోతిషం కాదు, చరిత్ర. ఏ ఓటమి గురించి ఎత్తినా రహీమ్ సాబ్ దగ్గరికి వెళ్లిపోతారు. మన హైదరాబాద్ మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్ కోచ్‌గా ఉండగా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియా మీద 2-1తో స్వర్ణం. మరుసటి ఏడే ఆయన పోయారు. నాన్న దృష్టిలో భారత ఫుట్‌బాల్ కూడా ఆ రోజే పోయింది, ఆ తర్వాత జరిగేదంతా తద్దినాలే. ఇదీ సుఖమైన సిద్ధాంతమే. అరవై ఏళ్ల కిందట పోయినదాన్ని ఇవాళ ఎవరూ బతికించనక్కర్లేదు.

తప్పెవరిది అనే విచారణ మా ఇంట్లో ఏ కోర్టుకీ తీసిపోకుండా సాగుతుంది, వాయిదాలతో సహా. ముద్దాయిలు క్రికెట్, కోచ్, సమాఖ్య, రెఫరీ. 2024 జూన్‌లో దోహాలో బంతి గీత దాటి బయటికి పోయినా లాక్కొచ్చి కొట్టిన గోల్‌ని ఖతార్‌కి ఇచ్చేశారు. అది పచ్చి అన్యాయం, అందులో నాకూ సందేహం లేదు. కానీ బావ మొహంలో అంత వెలుగు నేను పెళ్లినాడు కూడా చూడలేదు. ఒక్కసారైనా తప్పు నిజంగానే ఎదుటివాడిదైంది! "మరి మార్చిలో గువాహటిలో అఫ్గానిస్థాన్ చేతిలో ఓడింది ఎవడి గీత దాటి?" అని నాన్న ఆ వెలుగును ఆర్పేశారు.

2025 నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలోనూ ఓడాం. అదే తేదీన లక్షన్నర జనాభా ఉన్న కురసావ్ ప్రపంచ కప్‌కి అర్హత సంపాదించింది. "140 కోట్లలో పదకొండు మంది దొరకరా?" అని నాన్న గర్జించారు. 140 కోట్ల మందీ బూట్లు కట్టుకుని వరసలో నిలబడ్డట్టే మాట్లాడతాం. మా వీధి పిల్లలు ఆడుకునే ఖాళీ స్థలంలో ఇప్పుడు ఫంక్షన్ హాల్ ఉంది. దాని ప్రారంభోత్సవంలో మేమూ భోంచేశాం, ఆ సంగతి విచారణలోకి రాదు. 2023 జులైలో 99వ ర్యాంకులో ఉన్నవాళ్లం 142కి జారామని నాన్న అంటే, ఇంకా అరవైకి పైగా దేశాలు మన కిందే ఉన్నాయని బావ ఓదార్చాడు.

వీళ్లిద్దరూ ఒక్కసారే మౌనంగా ఉన్నారు. 2022లో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, జీతాల గొడవలూ అప్పులూ మోసీ మోసీ 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయిందని తెలిసినప్పుడు. జట్టు ఓడితే తిట్టొచ్చు, జట్టే ఊరొదిలి పోతే తిట్టే విధానం ఇంకా కనిపెట్టలేదు.

2024 సెప్టెంబరులో జాతీయ జట్టు గచ్చిబౌలికొచ్చి మారిషస్‌తో 0-0 ఆడింది, సిరియా చేతిలో 0-3తో ఓడింది. రెండూ సోఫాలో కూర్చునే చూశాం. స్టేడియం మా ఇంటికి దగ్గరే, ఎందుకు వెళ్లలేదని మా అక్క అడిగింది. "ఎలాగూ ఓడిపోతారుగా" అన్నారు నాన్న. "ఎలాగూ గెలుస్తారుగా, కప్పెత్తే రోజు వెళ్దామనుకున్నా" అన్నాడు బావ. మరుసటేడు డిసెంబరులో మెస్సీ ఉప్పల్‌కొస్తున్నాడనగానే మాత్రం ఇద్దరూ ముందురోజే చొక్కాలు ఇస్త్రీ చేయించుకున్నారు. టికెట్లు దొరకలేదు. వాదన మొదలై రాత్రి దాకా నడిచి, చివరికి ఇద్దరూ ఒక్క మాట మీదికొచ్చారు. తప్పు నాదట.