ముద్దకు ముందు: ఒక పద్యం, దాని టీకా తాత్పర్యం

మూలము

చింతపులుసులోన చేప, తేజమిరప
నోరు మండుచుండ, నూతినీళ్లు,
ద్రాక్షసార మేల? తాటిరేకను కల్లు
ముందు తాగి, పిదప ముద్ద తినుము.

అవతారిక

టీక రాయాలంటే పద్యం ఉండాలి. రాత్రి భోజనానికి ఏ పానీయం జోడీ అని విధించే పద్యం మాకు దొరకలేదు కనుక ఒక ఆటవెలది మేమే అల్లుకొన్నాము. యతులు కుదిరినవి. ఇక సందర్భము: కొత్తగూడెం దాటి, సారపాక దగ్గర గోదావరి వంతెన ఎక్కి, భద్రాచలంలో దేవుడికి దణ్ణం పెట్టి, దుమ్ముగూడెం మీదుగా చర్ల పోయే దారిలో ఒక ఇల్లు. హైదరాబాదు అల్లుడు సంచిలో నాసిక్ ద్రాక్షసారం సీసా తెచ్చినాడు. పొయ్యి మీద చేపల పులుసు ఉన్నది. సీసా చూసి మామ పలికిన పలుకే ఈ పద్యము. అల్లుణ్ణి ‘తినుము’ అని ఏకవచనంలో అనవచ్చునా అని మర్యాదజ్ఞులు అడుగుదురు. మేనల్లుడే అల్లుడైనాడు, చెల్లును.

ప్రతిపదార్థము

చింతపులుసులోన = చింతపండు నానబెట్టి పిసికిన పులుసునందు. ఇక్కడ ఆగి ఒక మాట చెప్పవలెను. ద్రాక్షలోని ముఖ్యమైన పులుపు టార్టారిక్ ఆమ్లము. చింతపండులో పుష్కలంగా ఉన్నదీ అదే. కనుక పులుసూ ద్రాక్షసారమూ దాయాదులు. ఒకే విస్తట్లో కూర్చోబెడితే పెద్దవాడిదే పైచేయి. సీసాలోని సారం తినే కూర కంటె పుల్లగా ఉంటేనే నాలుకకు ఆనుతుందని దాని శాస్త్రజ్ఞులే అంటారు. మన పులుసును పులుపులో మించిన సీసా ఏ దేశంలో కడతారో వారు చెప్పలేదు. పులుసు తిన్న నోటికి ఎంత ఖరీదైన సారమైనా కడిగిన గ్లాసులో మిగిలిన నీళ్లలాగే తగులుతుంది.

చేప = కొర్రమీను, వాలుగ, బొచ్చె; ఆ పూట వలలో పడ్డది. పులస అని అర్థం చెప్పే కోనసీమ వ్యాఖ్యాతలు కలరు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1852లో. పులస దాన్ని దాటి ఇంత పైకి రాదు, వారి వ్యాఖ్య కూడా రాదు. చేపకు ఎర్ర ద్రాక్షసారం పనికిరాదన్నది పడమటి దేశాల పాత ఆచారము. 2009లో జపాన్ పరిశోధకులు కారణం పట్టుకొన్నారు: సారంలోని ఇనుము చేప కొవ్వుతో కలిసి నోట్లో నీచువాసన పుట్టిస్తుంది. మన చేపకు పసుపూ ఉప్పూ రాసి కడిగి పోగొట్టిన నీచును సీసా పెట్టి తిరిగి తెచ్చుకోవడమెందుకని మామ హృదయము.

తేజమిరప = ఖమ్మం మిర్చి యార్డుకు దేశాంతర ఖ్యాతి తెచ్చిన సన్న రకము. ‘తేజము గల మిరప’ అని విగ్రహవాక్యం చెప్పే పండితులు ఒక కాయ నమిలి చెప్పవలెను.

నోరు మండుచుండ = నోటియందు అగ్ని పుట్టగా. ఇది అలంకారం కాదు. కారాన్ని పట్టే గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. నిజమైన వేడికీ కారానికీ తెరుచుకొనేది ఆ ద్వారమే. అందుచేత మండుచుండ అన్నది యథార్థ కథనము.

నూతినీళ్లు = బావి నీళ్లు. కారం నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. చెంబెడు తాగినా మంట నోరంతా పరుచుకొనుటే ఫలము.

ద్రాక్షసారము = స్పష్టము. ఆల్కహాలులో కారం కరుగుతుంది గదా, మరి ఇది మంట ఆర్పదా అని శంక. సీసాలో అది నూటికి 12 నుంచి 14 పాళ్లే. ఆ కాస్త కారాన్ని కడగకపోగా పైన చెప్పిన ద్వారాన్ని మరింత తెరుస్తుంది. ఎర్రదైతే తొక్కల వగరు కూడా తోడై మంట రెండింతలు.

తాటిరేకను = తాటాకు మడిచి చేసిన దోనెయందు. గాజు గ్లాసు అనకుండుటలో ధ్వని ఉన్నది. భద్రాద్రి తాటిచెట్టుకు దూరపుది కాదు. పోకల దమ్మక్క రాముడికి మొదట నైవేద్యం పెట్టింది తాటిపండేనని స్థలపురాణము.

కల్లు = గీసిన తాటి నీరు. తెల్లవారి దింపినప్పుడు తీపి, ఎండెక్కే కొద్దీ పొంగు, పొద్దుగూకే వేళకు పులుపు. ఒకే లొట్టిలో పొద్దున ఒక రుచి, సాయంత్రం ఇంకొకటి. సీసాపై సంవత్సరం చూసి మురిసేవారు లొట్టిని గంటలతో లెక్కపెట్టవలెను. మత్తు ద్రాక్షసారంలో సగం కూడా ఉండదు.

ముందు తాగి = భోజనానికి పూర్వమే తాగి. పెద్దల ఎదుట, చాటుకు పోకుండా అని రెండో అర్థము. మూడోది మాకు ఇష్టమైనది: కోయ ఇళ్లలో మొదటి చుక్కలు నేల మీద వదులుతారు, దేవతకూ పోయిన పెద్దలకూ, వారు ముందు, మనం పిదప.

ముద్ద = అన్నపు ముద్ద. ఇది తెలియక పరదేశపు జోడీ శాస్త్రం ఇక్కడ తడబడుతుంది. వారికి వంటకాలు ఒకటి తరువాత ఒకటి వస్తాయి, మధ్యలో గుటకలు. మన కంచంలో పప్పు, కూర, పులుసు, పచ్చడి ఒక్కసారి దిగుతాయి; చెయ్యి అన్నంలో ఉంటుంది; చివర పెరుగు ఉండనే ఉన్నది. కారాన్ని పట్టి తీసుకుపోయేది ఆ పెరుగే. కలిపిన చేత్తో గ్లాసు కాడ పట్టుకొనేదెట్లా?

పూర్వపక్షము

తిన్నాక గదా నోరు మండేది. ‘మండుచుండ’ అని చెప్పి, తినకముందే తాగమంటాడేమి? కాలవిరోధ దోషము గదా.

సమాధానము: పులుసు నిన్నటిది. చేపల పులుసు మర్నాటికే రుచి అని తెలియనివారు ఈ పద్యం చదువ అర్హులు కారు. మామ పొద్దున ఒకసారి తిని ఉన్నాడు. పొయ్యి మీద ఉన్నది వెచ్చబెట్టడానికే. మంట ఆయనది, ఉపదేశం అల్లుడికి.

పాఠాంతరములు

‘మందు తాగి’ అని కొన్ని నోళ్ల పాఠము. యతి చెడింది కనుక నిరాకరించినాము. అయినా ఎన్నిమార్లు చదివి వినిపించినా శ్రోతలు అట్లే వింటున్నారు.

‘జీలుగు కల్లు’ అని చింతూరు, కూనవరం కొండల పాఠము. యతి చెడుతుంది, రుచి చెడదు. కొండరెడ్లకు జీలుగు అన్నమూ పానమూ రెండూను. కల్లు గీస్తారు, కరువు నెలల్లో మాను కొట్టి లోపలి పిండితో జావ కాస్తారు. మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1945లో కొండరెడ్ల మీద అచ్చువేసిన పుస్తకంలో ఈ చెట్టుకు పెద్దపీట ఉన్నది. జీలుగు పైనుంచి కిందికి గెలలు వేసుకొంటూ వచ్చి, కడపటి గెలతో చచ్చిపోతుంది.

‘ఇప్పసారా’ అని చర్ల అడవి పాఠము. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాత్రి రాలుతాయి, ఎలుగుబంటి వచ్చేలోపు ఏరుకోవాలి. ఎండబెట్టి, నానబెట్టి, పులియబెట్టి కాస్తే సారా. నాలుకను అడిగితే ఇది పులుసుకు జోడీ కాదు, దేనికీ కాదు. కొద్దికొద్దిగా తాగే ఘాటు. 1992లో దూబగుంట ఆడవాళ్లు లేచి, 1993 అక్టోబరు 1న అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం తెప్పించుకున్న కథలో సారా అంటే దుకాణపు పాకెట్టు, ఇంటి ఇప్పపూల కుండ కాదు. రెంటికీ ఒక పేరు పడటం కుండ దురదృష్టం. అయితే కుండ మితిమీరిన ఇంట్లోనూ ఏడ్చేది ఇల్లాలే. 2021లో మధ్యప్రదేశ్ ఇదే ఇప్పసారాను ‘వారసత్వ మద్యం’గా సీసాల్లో అమ్ముతామన్నది. అడవిని వదిలి పెద్దపట్టణాల బల్ల ఎక్కే వేళ వచ్చిందన్నమాట.

ధర్మవిచారము

తాటిరేక మీద సర్కారు చెయ్యి కొత్త కాదు. కల్లు మీద ‘చిగురు పన్ను’ వసూలు, దానిపై ఇంటికోసం గీసుకునే కల్లును సైతం గుత్తేదారు కిందికి తెచ్చిన ఆబ్కారీ నిబంధనలు కలిసి 1879లో రంప కొండల్లో తిరుగుబాటు మంట రేపినవి. అదే ఏడు జూలైకి మంట భద్రాచలం తాలూకా రేకపల్లికి పాకింది. అక్కడ పోడు మీది పన్ను కూడా ఆజ్యం పోసింది. రేక కోసం తుపాకుల ఎదుట నిలిచిన సీమలో ‘ద్రాక్షసార మేల’ అన్న ప్రశ్న వట్టి రుచి ప్రశ్న కాదు. మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ అదుపు చేసే అధికారం గ్రామసభకు ఉండాలని షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీలకై చేసిన 1996 నాటి పెసా చట్టం చెప్పింది. గ్రామసభ మాట నిలిచే ఊళ్లు ఎన్ని ఉన్నాయో మీరే చూడవచ్చు. రోడ్డు వారన ‘వైన్స్’ అనే పలక మాత్రం ప్రతి మండలంలో చూడవచ్చు. లోపల బీరూ బ్రాందీ బారులు తీరి ఉంటాయి. ద్రాక్షసారం అడిగితే పై అర మీది దుమ్ము తుడిచి ఇస్తారు.

తాత్పర్యము

అల్లుడా, తెచ్చిన సీసాకు సంతోషమే. దాన్ని గోంగూరకు, పచ్చిపులుసుకు, చింతచిగురు పప్పుకు ఎదురు నిలపకు, ఓడిపోతుంది. చింతపండు పడని పూట దాచు: వెదురుబొంగులో కాల్చిన కోడికి, ముద్దపప్పు నేతికి. అది తెల్లదైతే, చల్లగా, కాస్త తియ్యగా ఉంటే. మిగతా రోజుల్లో ఈ అడవిలో జోడీ కట్టేది నాలుక కాదు, చెట్టు. తాడి పారే నెలల్లో తాడి, ఇప్ప రాలే వారాల్లో ఇప్ప, ఏదీ పారని నెలల్లో మజ్జిగ. కూర ఏదైనా సరే, ముందు తాగు, తరువాత తిను.

ఇక మిగిలినది ‘తాటిరేకను’ అన్నది ఏకవచనం గదా, రెండో రేకకు అనుమతి ఉన్నదా అన్న శంక. కొలచల మల్లినాథసూరి మూలంలో లేనిది ఒక్కటీ రాయనని ప్రతిజ్ఞ చేసి కాళిదాసుకు వ్యాఖ్య రాసినాడు. ఇంతదాకా ఆ ప్రతిజ్ఞ మాకు గుర్తు రాలేదు, కానీ రెండో రేక దగ్గర దాన్ని పాటించమని అత్తగారు వంటింట్లోంచి గరిటె చప్పుడు చేసినందున, లేదని నిర్ణయించినాము.