నీలం రంగు కరపత్రం

1960 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో అట్లాంటాలోని ఎబెనెజర్ బాప్టిస్ట్ చర్చి పాస్టరు ఓటు రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్‌కేనని ముందే తేలిపోయింది. ఆ పాస్టరు పేరు మార్టిన్ లూథర్ కింగ్. మనకు తెలిసిన కింగ్ కాదు, ఆయన తండ్రి. అందరూ ‘డాడీ కింగ్’ అనేవారు. బానిసత్వాన్ని రద్దు చేసిన లింకన్‌ది రిపబ్లికన్ పార్టీ. దక్షిణాదిలో నల్లవాళ్లకు వేరే బడి, వేరే కుళాయి, బస్సులో వెనక సీటు అని గీత గీసి కూర్చున్నవాళ్లు డెమోక్రాట్లు. పైగా ఈసారి డెమోక్రాట్ల అభ్యర్థి జాన్ కెనెడీ క్యాథలిక్. అంతవరకు ఏ క్యాథలిక్కూ అమెరికా అధ్యక్షుడు కాలేదు, కావడం డాడీ కింగ్‌కు ఇష్టం లేదు. ఆ సంగతి ఆయన దాచుకోలేదు కూడా.

కొడుక్కి కూడా నిక్సన్ కొత్తవాడు కాదు. 1957లో ఘనా స్వాతంత్ర్యోత్సవాలకు వెళ్లినప్పుడు ఇద్దరూ కలుసుకున్నారు. ఆ ఎన్నికల్లో కొడుకు మాత్రం ఎవరికీ మద్దతు ప్రకటించలేదు.

అక్టోబరు 19న అట్లాంటాలో రిచ్స్ అనే పెద్ద దుకాణంలో విద్యార్థులు ధర్నాకు కూర్చున్నారు. ఆ దుకాణంలో నల్లవాళ్లు డబ్బిచ్చి బట్టలు కొనుక్కోవచ్చు, తెల్లవాళ్ల పక్కన కూర్చుని భోంచెయ్యకూడదు. విద్యార్థులతో పాటు కొడుకు కింగ్‌నూ అరెస్టు చేశారు. కొద్ది రోజుల్లో రాజీ కుదిరి మిగతా అందర్నీ వదిలేశారు. కింగ్‌ను మాత్రం పక్క కౌంటీ వాళ్లు అడిగి తీసుకుపోయారు. కారణం, ఒక పాత ట్రాఫిక్ కేసు. ఆ ఏడాది మే నెలలో లిలియన్ స్మిత్ అనే తెల్లజాతి రచయిత్రిని ఆయన తన కారులో తీసుకెళ్తుంటే పోలీసులు ఆపారు. తీరా చూస్తే లైసెన్సు అలబామాది, ఆయన కాపురం మారింది జార్జియాకి. 25 డాలర్ల జరిమానా, ఏడాది ప్రొబేషను. ఇప్పుడు ధర్నాలో కూర్చుని ఆ ప్రొబేషను ఉల్లంఘించాడని జడ్జి ఆస్కార్ మిచెల్ నాలుగు నెలల కఠిన శిక్ష వేశాడు. లైసెన్సు మార్చుకోనందుకు రాళ్లు కొట్టే శిక్ష! తెల్లవారకముందే నిద్రలేపి, చేతులకు బేడీలు, కాళ్లకు గొలుసులు వేసి, ఎక్కడో దూరాన రీడ్స్‌విల్ జైలుకు తరలించారు. ఆ రోజుల్లో జార్జియాలో ఒక నల్లజాతి నాయకుణ్ణి రాత్రివేళ అలా తీసుకుపోతే ప్రాణాలతో తిరిగొస్తాడన్న భరోసా ఎవరికీ లేదు. భార్య కోరెటా అప్పటికి గర్భవతి.

ఆమె కెనెడీ ప్రచార బృందంలో తనకు తెలిసిన హారిస్ వఫర్డ్‌తో గోడు చెప్పుకుంది. వఫర్డ్ ఆ కబురు కెనెడీ బావ సార్జెంట్ ష్రైవర్‌కు చేరవేశాడు. కెనెడీ అప్పుడు షికాగో విమానాశ్రయం దగ్గరి హోటల్లో ఉన్నాడు. చుట్టూ సలహాదారులు. వాళ్ల ముందు కదిపితే దక్షిణాది ఓట్లు పోతాయని అడ్డుపడతారు. ష్రైవర్ ఒక్కొక్కరూ గది దాటేదాకా కాచుకుని కూర్చుని, ఆఖరివాడు వెళ్లాక బావమరిది చెవిన వేశాడు. కెనెడీ వెంటనే కోరెటాకు ఫోన్ చేశాడు. మీ సంగతి విన్నాను, ఏ సాయం కావాలన్నా అడగండి అన్నాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

సంగతి తెలిసి తమ్ముడు రాబర్ట్ కెనెడీ మండిపడ్డాడు. ప్రచారం నడిపేది అతనే. కింగ్ జోలికి వెళ్తే మా రాష్ట్రాలు మీకు దక్కవని దక్షిణాది గవర్నర్లు ముందే హెచ్చరించి ఉన్నారు. వఫర్డ్‌నీ ష్రైవర్‌నీ దులిపేశాడు. ఆ వెనకే, ఏమనిపించిందో, స్వయంగా జడ్జికి ఫోన్ చేశాడు. అక్టోబరు 27న కింగ్ బెయిలు మీద బయటికొచ్చాడు. విచారణలో ఉన్న కేసు గురించి అభ్యర్థి తమ్ముడు జడ్జికి ఫోన్ చెయ్యడం ధర్మమా అంటే కాదు. ఆ రాత్రి రీడ్స్‌విల్‌లో ఉన్న మనిషి ప్రాణం సంగతి ఆలోచిస్తే నాకు ఆ ఫోన్‌ను తప్పుపట్టబుద్ధి కాదు.

అవతల నిక్సన్ నోరు మెదపలేదు. బేస్‌బాల్ వీరుడు జాకీ రాబిన్సన్ నిక్సన్ తరఫున ఊరూరా తిరుగుతున్నాడు. ఒక్క ఫోన్ చెయ్యమని వెళ్లి బతిమాలాడు. అది ఓట్ల కోసం చేసే ప్రదర్శనలా ఉంటుందని నిక్సన్ ఒప్పుకోలేదు. రాబిన్సన్ కళ్లనీళ్లతో బయటికొచ్చాడని నిక్సన్ మనిషి విలియం శాఫైర్ తర్వాత రాశాడు. విలేకరులకు నిక్సన్ కార్యదర్శి ఇచ్చిన సమాధానం ‘నో కామెంట్’. కేవలం రెండు మాటలు.

ఎబెనెజర్ చర్చిలో డాడీ కింగ్ మాట మారింది. క్యాథలిక్ అయితేనేం, నా కోడలి కన్నీళ్లు తుడిచాడు, నా దగ్గరున్న ఓట్లన్నీ ఒక సూట్‌కేసులో పెట్టి అతని ఒళ్లో పోస్తానన్నాడు. మతం అడ్డమన్న ఆ పాత పట్టింపు సంగతి విని కెనెడీ, కింగ్‌కు అలాంటి తండ్రా అని ఆశ్చర్యపోయి, తండ్రులు మనందరికీ ఉన్నారులే అన్నాడట.

ఇక అసలు పని మొదలైంది. ఈ విషయం మీద పత్రికల్లో ఇంకో ముక్క రావడానికి వీల్లేదని రాబర్ట్ ఆంక్ష పెట్టాడు. వఫర్డ్, ష్రైవర్, నల్లజాతి పాత్రికేయుడు లూయిస్ మార్టిన్ దానికో దారి కనిపెట్టారు. కొత్త ప్రకటన ఏదీ చెయ్యకుండా, కింగ్ కుటుంబమూ పాస్టర్లూ అప్పటికే అన్న మాటల్ని ఒకచోట పేర్చి కరపత్రం వేశారు. పైన పార్టీ పేరు కాకుండా పాస్టర్ల కమిటీ పేరు పెట్టారు. లేత నీలం కాగితం. దాని మీద ఒక పక్క ‘నో కామెంట్’ నిక్సన్, ఇంకో పక్క హృదయమున్న అభ్యర్థి సెనేటర్ కెనెడీ. అంతకంటే పెద్ద విమర్శ అక్కర్లేదు. ప్రత్యర్థి అనని మాటను అంటగట్టలేదు, అన్న రెండు మాటల్నే అతని పేరు ముందు తగిలించారు. కరపత్రాలు దాదాపు 20 లక్షలు వేశారంటారు. కట్టలు కట్టి బస్సుల మీద ఊళ్లకు పంపారు. నవంబరు 6 ఆదివారం దేశమంతటా నల్లవాళ్ల చర్చిల గుమ్మాల దగ్గర ప్రార్థన ముగించుకుని వచ్చేవాళ్ల చేతుల్లో పెట్టారు. తెల్లవాళ్ల చర్చిల వైపు ఒక్క కట్ట కూడా పంపలేదు.

ఆ నీలం కాగితం ఎత్తని విషయం ఒకటుంది. కింగ్‌ను గొలుసులతో కట్టిన జార్జియాలో అధికారమంతా డెమోక్రాట్లదే. గవర్నరూ వాళ్లవాడే, శాసనసభా వాళ్లదే. తప్పు చేసింది ఒక పార్టీ రాజ్యం, నింద మోసింది మౌనంగా ఉన్న రెండో పార్టీ అభ్యర్థి. మౌనానికి ఆ శిక్ష తగినదేనని నేననుకుంటాను. గొలుసులు వేసినవాళ్లకు మాత్రం ఏ శిక్షా పడలేదు.

నవంబరు 8 మంగళవారం పోలింగ్. దేశంలో 6.8 కోట్లకు పైగా ఓట్లు పడితే కెనెడీ ఆధిక్యం 1,13,000 లోపు. ఇల్లినాయ్ రాష్ట్రంలో 9,000 కూడా లేదు. నాలుగేళ్ల కిందట రిపబ్లికన్ ఐసెన్‌హోవర్‌కు వేసిన నల్లవాళ్లలో చాలామంది ఈసారి ఇటు మొగ్గారు. అధ్యక్షుడిగా దిగిపోతున్న ఐసెన్‌హోవరే ఒకటి రెండు ఫోన్ కాల్స్ తమను ఓడించాయని వాపోయాడు.

గెలిచిన కెనెడీ, ఇళ్ల కేటాయింపులో జాతి వివక్షను ఒక్క కలం పోటుతో తీసేయొచ్చని ప్రచారంలో అన్నవాడు, ఆ సంతకానికి 1962 నవంబరు దాకా ఆగాడు. ఓపిక నశించిన జనం వైట్‌హౌస్‌కు పోస్టులో కలాలు పంపారు. తమ్ముడు రాబర్ట్‌ను అటార్నీ జనరల్ చేశాడు. పోలీసు కుక్కల మధ్య, జైళ్ల మధ్య కింగ్ ఉద్యమం పెరిగింది. 1963 ఆగస్టులో వాషింగ్టన్‌లో రెండు లక్షలకు పైగా జనం కదిలారు. కింగ్ పక్కన కమ్యూనిస్టులున్నారని ఎఫ్.బి.ఐ. అధిపతి ఎడ్గార్ హూవర్ అటార్నీ జనరల్‌కు నోట్ల మీద నోట్లు పంపాడు. ఆ అక్టోబరు 10న హూవర్ అడిగిన కాగితం మీద సంతకం చేసింది రాబర్ట్ కెనెడీ. కింగ్ కోసం జడ్జికి ఫోన్ చేసిన రాబర్ట్ కెనెడీయే.

ఆ సంతకం కింగ్ ఇంట్లో ఫోన్ సంభాషణలు రహస్యంగా వినడానికి అనుమతి. ఎఫ్.బి.ఐ. వైర్లు కలిపి వినడం మొదలుపెట్టిన రోజు 1963 నవంబరు 8.